వాన మీద నెపం

మంచు సెయింట్ల రోజుల్లో టమాటా నారు కూడా ఎవరూ నాటరు. మే రెండో వారంలో ముగ్గురు సెయింట్ల పండగలు వరసగా వస్తాయి, పోయిందనుకున్న చలి వాళ్ళతోపాటు వెనక్కి వస్తుంది, వాళ్ళు గడిచాకే మాకు తోటపని. ఫ్రాన్సు నడిమధ్య బూర్జ్‌లో మా వీధంతా నారుకుండీలను కిటికీల్లోకి చేర్చుకున్న ఆ వారంలోనే నేను మోటార్‌సైకిలు వెనక గుడారం కట్టుకుని దక్షిణానికి బయల్దేరాను.

"బుద్ధుందా రెజిస్ నీకు?" అంది నా భార్య నదేజ్, గ్యారేజీ గుమ్మంలో నిలబడి. "జూన్‌లో వెళ్ళొచ్చుగా?"

"జూన్‌లో ఊరందరూ వెళ్తారు."

"జూన్‌లో ఎండ కాస్తుంది. అదీ నీ భయం."

నేను హెల్మెట్ పెట్టేసుకున్నాను. హెల్మెట్‌తో ఉన్న సుఖం అదే, వినపడలేదని బొంకొచ్చు.

ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. బతుకంతా రోడ్లు పగలగొట్టినవాణ్ణి నేను. జాక్‌హామర్ అదురు చేతుల్లోకి ఎక్కి అక్కడే కాపురం పెట్టింది. రెండేళ్ళుగా కాస్త చలి తగిలితే చాలు, వేళ్ళు కొవ్వొత్తుల్లా తెల్లబడి మొద్దుబారిపోతున్నాయి. డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది: "చలికి మొద్దుబారితే ఫర్వాలేదు, వేసవిలో బండి నడుపుకోండి. వెచ్చబడ్డాక కూడా స్పర్శ తెలియకపోతే మాత్రం బండి అమ్మెయ్యండి. బ్రేకు పట్టుకున్నదీ లేనిదీ తెలియనివాడు రోడ్డు మీద ఉండకూడదు."

అందుకే వాన వెతుక్కుంటూ పోయాను. వానలో ఎవరి వేళ్ళయినా మొద్దుబారతాయి. ఎవరూ ఏమీ అనరు.

వాన నన్ను నిరాశపరచలేదు. ఊరి పొలిమేర దాటేసరికి మొదలైంది, ఒవెర్న్ కొండల్లో వడగళ్ళు కలిశాయి. బూట్లలో నీళ్ళు, మెడలోంచి వీపు మీదకి నీళ్ళు. రాత్రి తడి గుడారం జిప్పుని నా పళ్ళతో లాగి మూసేవాణ్ణి, పొద్దున పళ్ళతోనే తీసేవాణ్ణి. విచారంగా ఉందా అంటే లేదు. ఏమీ లేదు. మనసు కూడా చేతుల దారే పట్టినట్టుంది. కొండలు వచ్చాయి, పోయాయి. ఆవులు నన్ను చూశాయి, నేను ఆవుల్ని చూశాను.

ఎదురొచ్చే బండివాడికి ఎడమచెయ్యి దించి రెండు వేళ్ళు చూపించడం మాలో మర్యాద. అది మానేశాను. హ్యాండిల్ వదిలితే మళ్ళీ క్లచ్‌ను కంటితో వెతుక్కోవాలి. ఎదురొచ్చినవాళ్ళు వేళ్ళు చూపిస్తూనే పోయారు. వీడికెంత పొగరో అనుకుని ఉంటారు.

రోజూ సాయంత్రం నదేజ్ ఫోన్ చేసేది.

"చేతులెలా ఉన్నాయి?"

"ఇక్కడ వాన."

"అడిగింది వాన గురించి కాదు."

"వానలో ఎలా ఉంటాయో అలాగే ఉన్నాయి."

ఆవిడ తిన్నావా అని అడిగి పెట్టేసేది.

ఒబ్రాక్ పీఠభూమి మీంచి కిందకి దిగేటప్పుడు మలుపులో ఒక పాల ట్యాంకరు ఎదురైంది. బ్రేకు పట్టాననుకున్నాను. బండి తగ్గలేదు. కిందకి చూస్తే నాలుగు వేళ్ళూ బ్రేకు మీద ఊరికే పడుకుని ఉన్నాయి. కళ్ళతో చూస్తూ, ఎవరివో వేళ్ళకి చెప్పినట్టు చెప్పి నొక్కించాను. ట్యాంకరు హారన్ కొట్టుకుంటూ పోయింది. నాకు గుండె కూడా దడదడలాడలేదు, అదే నాకు నచ్చలేదు.

వంతెన కింద ఆగి ఇంజన్ పక్కన చేతులు పెట్టుకుని కూర్చున్నాను. ఆగిన బండిని చూసి ఆగకుండా పోవడం మాలో లేదు. అయిదు నిమిషాల్లో ఒకడు ఆగాడు. తోలు గ్లౌజుల మీద గిన్నెలు తోముకునే గులాబీరంగు రబ్బరు గ్లౌజులు తొడుక్కున్నాడు.

"బండి మొరాయించిందా గురూ?"

"బండి బానే ఉంది. చేతులే మొరాయించాయి."

"ఓస్, అంతేనా! నావి పొద్దుటే చచ్చాయి. దినం కూడా పెట్టేశా." సంచీలోంచి ఇంకో రబ్బరు గ్లౌజుల జత తీసి నా ఒళ్ళో పడేశాడు. "మా ఆవిడ వంటింట్లోంచి కొట్టుకొచ్చా. సిగ్గుపడక తొడుక్కో."

పేరు నోర్దీన్. లిల్‌లో సిటీబస్సు డ్రైవరు. బస్సులో హీటరుంటుంది కాబట్టి సెలవుల్లో తడవాలనిపిస్తుందట. నావి కూడా చచ్చాయి అన్న ఆ ఒక్కమాట పట్టుకుని నేను చాలాదూరం హాయిగా నడిపాను. చూశావా నదేజ్, అందరివీ ఇంతే.

ఇద్దరం 'లో' అనే నది ఒడ్డున, గుడారాలు వేసుకునే మునిసిపల్ క్యాంపింగ్‌లో దిగాం. మేం తప్ప ఎవరూ లేరు. దాన్ని చూసుకునే ఉగెత్ అనే పెద్దావిడ మమ్మల్ని చూసి నెత్తి కొట్టుకుంది.

"మీకు ఇళ్ళూ వాకిళ్ళూ లేవా నాయనా? ఈ వానలో కుక్క కూడా బయట పడుకోదే!"

ఆఫీసు గదిలో పొయ్యి దగ్గర కూర్చోబెట్టి చెరో గిన్నెడు ఉల్లిపాయ సూపు పోసింది. నోర్దీన్ వేడి గిన్నెని రెండు చేతుల్తో పట్టుకున్నాడు. కాసేపటికి ఒక్కసారిగా గెంతాడు.

"అబ్బబ్బబ్బా! వచ్చేస్తున్నాయి, ప్రాణాలొచ్చేస్తున్నాయి! సూదులు గుచ్చినట్టుంది, వీటి తస్సాదియ్యా!"

గడ్డకట్టిన వేళ్ళలోకి రక్తం తిరిగొచ్చేటప్పుడు ఉండే పోటు అది. బండివాడు ప్రతివాడూ బూతులు తిట్టే పోటు. నేనూ నా గిన్నె పట్టుకుని దానికోసం కాచుక్కూర్చున్నాను. సూపు మీద ఆవిరి తగ్గింది. రాలేదు.

"నీకు రాలేదా?" అన్నాడు నోర్దీన్.

"అబ్బా!" అన్నాను. కాస్త ఆలస్యంగా అన్నాను. "సూదులే."

అతను నవ్వి నా వీపు చరిచాడు. ఉగెత్ మాత్రం నవ్వలేదు, నా గిన్నె వైపు చూసింది. లేచేటప్పుడు రేపటికి రొట్టెలెన్ని కావాలని అడిగింది. ఒకటి చాలన్నాను.

పొద్దున లేచేసరికి గుడారమంతా పసుప్పచ్చగా వెలుగుతోంది. ఎండ. ముగ్గురు సెయింట్లూ మూటాముల్లే సర్దుకుని పోయినట్టున్నారు. రాత్రంతా చేతులు స్లీపింగ్ బ్యాగులో పొట్టకి ఆనించుకుని పడుకున్నాను. బయటికొచ్చి బాగానే ఉన్నాయనుకున్నాను. అలా అనుకోవడం అలవాటైపోయింది.

నోర్దీన్ అప్పుడే బండి స్టార్ట్ చేశాడు. గేటు దాటుతూ ఎడమచెయ్యి చాపి రెండు వేళ్ళు చూపించాడు. నేల మీద నిలబడి ఉన్నాను కదా, నేనూ చూపించాను. ఎన్నాళ్ళకో.

ఆఫీసు కిటికీ దగ్గర ఉగెత్ ఓవెన్‌లోంచి తీసిన పొడుగు రొట్టెను గుడ్డతో పట్టుకుని చాపింది. నేను చేత్తో అందుకున్నాను.

"ఉండు, ఉండు, గుడ్డతో పట్టుకో! ఇప్పుడే తీశా!"

నేను పట్టుకునే నిలబడ్డాను. బరువు తెలుస్తోంది. అంతే.

"కాలట్లేదా నీకు?"

ఆవిడ కిటికీలోంచి చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకుంది. "చెయ్యి వెచ్చగానే ఉందే," అంది మెల్లిగా.

అరచెయ్యి ఎర్రగా కందిపోయి ఉంది. చూస్తేగాని నాకు తెలియలేదు. వాన లేదు, చలి లేదు, నెపం వెయ్యడానికి ఆకాశంలో మబ్బుతునక లేదు.

"లేదమ్మా," అన్నాను. "కాలట్లేదు."

నదేజ్‌కి నేనే ఫోన్ చేశాను. ఈవేళప్పుడు నేనెప్పుడూ చెయ్యను.

"ఏమైంది? పడ్డావా?"

"లేదు."

"మరి? చేతులెలా ఉన్నాయి?"

"ఇక్కడ ఎండ కాస్తోంది."

అటువైపు తాళాల గుత్తి చప్పుడు వినిపించింది.

"ఎక్కడున్నావో చెప్పు," అంది. "కారుకి ట్రైలర్ తగిలించుకుని వస్తా. బండి ముట్టుకోకు."

"ముట్టుకోను."

బండి పక్కన గడ్డిలో కూర్చున్నాను. రొట్టె కొస విరిచి నోట్లో పెట్టుకున్నాను. నాలుక చుర్రుమంది. ఉమ్మెయ్యలేదు. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే అలాగే నోట్లో ఉంచుకున్నాను.