నలుగురూ ఒకే వైపు

కెప్టెన్ అద్దం ముందు గడ్డం గీసుకుంటూ సంతాప ప్రసంగం వల్లిస్తున్నాడు. నెల రోజులుగా ఆ ఇంట్లో ఇదే గోల. భార్యకి కూడా కంఠతా వచ్చేసింది. ఆయన ఎక్కడైనా తడబడితే వంటింట్లోంచే అందిస్తోంది.

నిజానికి ఆయన సోఫాలు అమ్మే కొట్లో పనిచేస్తాడు. కెప్టెన్ అన్న పేరు వయసులో ఉండగా అంటుకుంది. అప్పట్లో టీవీలో ఓ అంతరిక్ష నౌక సీరియల్ వచ్చేది. అందులో కెప్టెన్ ఈయన. ఇంజనీరు, డాక్టరమ్మ, పైలట్ మిగతా ముగ్గురు. నౌకని అట్టలతోనూ ప్లైవుడ్డుతోనూ చేశారు. దాన్ని ఊపే యంత్రం కొనే స్తోమత ఆ కంపెనీకి లేదు. అందుకని ఉల్క తగిలినప్పుడల్లా కెమెరామన్ కెమెరాని వంచేవాడు, కెప్టెన్ "ఎడమకి" అనగానే నలుగురూ ఒక్కసారే ఎడమకి వాలేవాళ్ళు. చూసేవాళ్ళకి నౌకే ఒరిగినట్టుండేది. ఒకరి మీద ఒకరు పడకుండా అలా వాలాలంటే పక్కవాళ్ళు ఎప్పుడు ఊపిరి పీలుస్తారో కూడా తెలిసుండాలి. వాళ్ళకి తెలిసింది.

సీరియల్ ఆగిపోయింది కానీ వాలడం ఆగలేదు. నలుగురిలో ఎవరికి ఆపదొచ్చినా మిగతా ముగ్గురూ ఎక్కడున్నా సరే ఆ మనిషి ఉన్న దిక్కుకి ఒరిగిపోతారు. డాక్టరమ్మకి కాన్పు కష్టమైన రోజున కెప్టెన్ పొద్దంతా ఏటవాలుగా నిలబడే సోఫాలు అమ్మాడు. కొనేవాళ్ళు మెడ పక్కకి వంచి బేరమాడారు. కొందరికి మోకాళ్ళ నొప్పులుంటాయి, వీళ్ళకి ఇది. అంతకు మించి ఎవరూ పట్టించుకోలేదు.

ఇవాళ ఆయన మళ్ళీ కెప్టెన్ కాబోతున్నాడు. ఆ సీరియల్‌ని కొత్త కంపెనీ ఒకటి మళ్ళీ తీస్తూ పాతవాళ్ళలో ఈయన ఒక్కణ్ణే పిలిచింది. సోఫాల మధ్య నిలబడి ఎన్నో ఏళ్ళు కలగన్న పిలుపు అది. చిక్కల్లా ఒక్కటే. కొత్త కథలో మొదటి సీనుకే ఇంజనీరు చచ్చిపోయి ఉంటాడు. శవపేటిక ముందు కెప్టెన్ ప్రసంగం చెప్పాలి. ఈ సంగతి ఆయన మిత్రుల్లో ఎవరికీ చెప్పలేదు. ఇంజనీరు ఫోన్ చేస్తే నెల నుంచీ ఎత్తడమే మానేశాడు. పొద్దున్నే చంపేసిన మనిషితో సాయంత్రం ఏం కబుర్లాడతాడు?

సగం గడ్డం గీసుకునేసరికి ఒళ్ళు కిటికీ వైపు ఒరగడం మొదలైంది. చూస్తుండగానే అద్దంలో మొహం మాయమైపోయింది.

"వాలుతున్నారా?" భార్య వచ్చి బ్లేడు చేతిలోంచి తీసుకుంది. "ఎవరికట?"

డాక్టరమ్మకి ఫోన్ చేశాడు. తానూ వాలుతున్నాననీ, పైలట్ కూడా వాలుతున్నాడట అనీ ఆమె చెప్పింది. ఇక మిగిలింది ఒక్కడే. ఇంజనీరు ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.

"వెళ్ళండి మరి. అన్నయ్యకి ఏమైందో ఏమో," అంది భార్య.

"కింద షూటింగు కారొచ్చి ఉంది."

"నన్ను చూస్తారేం. కెప్టెన్ని నేను కాదుగా."

ఆయన కారే ఎక్కాడు. స్టూడియో ఒక దిక్కున, ఇంజనీరు ఇంకో దిక్కున. కారు ముందుకు పోతుంటే ఈయన వెనక్కి పోతున్నాడు. సీటు కుట్లు పట్టుకుని వేలాడుతూ ప్రసంగం మొదలుపెట్టాడు, రెండో మాట దగ్గరే ఆపేశాడు. కిటికీ దించాడు, ఎత్తాడు. చొక్కా గుండీ విప్పాడు, పెట్టుకున్నాడు. కాలుగాలిన పిల్లి కూడా అంత అవస్థ పడి ఉండదు. చివరికి డైరెక్టరుకి ఫోన్ చేసి రెండు గంటలు ఆలస్యమవుతుందన్నాడు.

"మీ కొలతలే ఉన్న పెద్దాయన ఇంకొకరు ఇక్కడ కూర్చున్నారు సార్," అన్నాడా కుర్రాడు మర్యాదగానే. "డ్రెస్సు ఆయనకి ఇచ్చేయమంటారా?"

"ఇచ్చేయండి," అని కెప్టెన్ ఫోన్ పెట్టేశాడు.

"కారు తిప్పు బాబూ," అన్నాడు డ్రైవరుతో.

డాక్టరమ్మ తన టైలరింగ్ షాపు ముందు మెడలో టేపు తీయకుండానే కరెంటు స్తంభాన్ని కౌగిలించుకుని నిలబడి ఉంది. పైలట్ అప్పటికే తాను నడిపే స్కూలు వ్యాను తెచ్చి ఆపాడు. కెప్టెన్ కారు దిగి ఆమెతో పాటు వ్యాను ఎక్కాడు. దారి కనుక్కోవడం సులువే. ముగ్గురూ ముందుకి వాలితే నేరుగా పోవాలి, పక్కకి వాలితే ఆ పక్కకి తిరగాలి. ఒక ఐదంతస్తుల భవనం ముందుకి రాగానే ముగ్గురి మడమలూ నేల మీంచి లేచాయి. అంటే పైన ఉన్నాడు.

సీరియల్లో ఇంజనీరు వేషం వేసిన పాపానికి జనం చెడిపోయిన మిక్సీలన్నీ తెచ్చి ఆయన ముందు పెట్టేవాళ్ళు. లేదనలేక పని నేర్చుకుని, చివరికి నిజంగానే లిఫ్టులు బాగుచేసేవాడైపోయాడు. ఇప్పుడు మూడో అంతస్తు దగ్గర ఆగిపోయిన లిఫ్టు నెత్తిమీద కూర్చుని ఉన్నాడు. ఎడమకాలు లిఫ్టుకీ గోడకీ మధ్య ఇరుక్కుంది. ఫోను అడుగుకి జారిపోయింది. ముగ్గురూ మెట్లెక్కి వచ్చి తెరిచిన లిఫ్టు తలుపులోంచి చూస్తే మొహంలో నెత్తురుచుక్క లేదు.

"లిఫ్టు కంపెనీవాళ్ళకి చెప్పానండీ, వస్తున్నామనే అంటున్నారు," అన్నాడు వాచ్‌మన్.

డాక్టరమ్మ సందులోకి చేయి చాపి ఇంజనీరు పాదం ముట్టుకుంది. ఆమె డాక్టరు కాదు, అయినా ఆ చల్లదనానికి భయపడడానికి చదువక్కర్లేదు.

"వాళ్ళొచ్చేదాకా ఆగితే కాలు దక్కదు," అంది.

కెప్టెన్‌కి లిఫ్టుల గురించి ఏమీ తెలియదు. తెలిసిన పని ఒక్కటే. మెట్ల దగ్గర ముగ్గురూ వరసగా నిలబడ్డారు, ఎప్పుడూ నిలబడే వరసలోనే. లిఫ్టు మీద ఇంజనీరు నడుం నిటారు చేశాడు.

"కుడికి," అన్నాడు కెప్టెన్.

నలుగురూ కుడికి వాలారు. భవనం కూడా వాలింది. గోడ లిఫ్టు నుంచి బెత్తెడు పక్కకి జరిగింది. ఇంజనీరు రెండు చేతులతో కాలు పైకి లాక్కున్నాడు.

"వచ్చేసింది," అన్నాడు.

"నిటారు."

భవనం మళ్ళీ లేచి నిలబడింది. నాలుగో అంతస్తులోంచి ఒకావిడ తొంగిచూసి, "కాస్త ముందు చెప్పి వంచొచ్చుగా, పాలన్నీ స్టవ్వు మీదే పోయాయి," అంది. పైలట్ ఆవిడకి క్షమాపణ చెప్పాడు.

వ్యానులో వెనక సీటు పొడుగునా ఇంజనీరుని పడుకోబెట్టారు. కాలు డాక్టరమ్మ ఒళ్ళో ఉంది. ఆసుపత్రి దూరమే.

"సగం గడ్డంతో వచ్చావేం?" అడిగాడు ఇంజనీరు.

కెప్టెన్ తల దించుకుని అంతా చెప్పేశాడు. కొత్త సీరియల్ గురించి, శవపేటిక గురించి, ఎత్తని ఫోన్ల గురించి.

ఇంజనీరు తల కింద చేయి పెట్టుకున్నాడు. "ప్రసంగం బాగా రాశారా?"

"బాగా రాశారు."

"అయితే చెప్పు. నెప్పి మర్చిపోతాను."

కెప్టెన్ గొంతు సవరించుకున్నాడు. "మనం నిద్రపోయిన ప్రతి రాత్రీ ఇతను మేలుకున్నాడు. ఇంజను ఆగిపోతే తిట్టాడు, బతిమాలాడు, చివరికి కదిలించాడు. నేను దారి చూపించానని మీరంతా అంటారు. దారి చూపించడానికి చెయ్యెత్తితే చాలు. తీసుకెళ్ళినవాడు ఇతను. ఇతను కింద ఉన్నాడన్న ధైర్యంతోనే నేను పైన నిలబడ్డాను."

అద్దంలో నెల రోజులు చూసుకున్నా రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. పైలట్ కళ్ళు నిండి రోడ్డు కనపడక వ్యాను నెమ్మది చేశాడు.

"ఆగావేం? ఇంకా ఉన్నట్టుందే," అన్నాడు ఇంజనీరు.

"ఒక్క వాక్యం ఉంది. వీడ్కోలు మాట."

"చెప్పు మరి."

"చెప్పను," అన్నాడు కెప్టెన్.

ఇంజనీరు డాక్టరమ్మ ఒళ్ళో కాలు సర్దుకుని కళ్ళు మూసుకున్నాడు. "సరేలే. అయితే మళ్ళీ మొదట్నుంచి అందుకో."

కెప్టెన్ కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదట్నుంచి అందుకున్నాడు.