అద్దానికి ఎర్రగుడ్డ

చిన్నస్వామి చెప్పులు విడిచి ఉత్తకాలితో బురదను నొక్కి చూశాడు. కాలు చీలమండ దాటి దిగింది. మళ్లీ జీపెక్కి, సీటు కిందనుంచి ఎర్రగుడ్డ పీలిక తీసి వెనక చూసే అద్దానికి తగిలించి, గేరు పక్కనున్న పొట్టి కడ్డీని ముందుకు తోశాడు. ఇక నాలుగు చక్రాలూ లాగుతాయి. వెనక ట్రైలరులో నలభై బాక్సుల టమోటా ఒకసారి ఊగి కదిలింది.

ఇరవై రెండేళ్లుగా ఇదే పని. వాన పడితే లారీ దిగలేని పుంగనూరు తోటల్లోంచి టమోటా లాగి మదనపల్లె మార్కెట్టుకు చేర్చడం. యాభై ఆరేళ్ల పొట్టి మనిషి. స్టీరింగు పట్టీ పట్టీ కుడిభుజం కాస్త కిందికి జారింది. ఒక్కసారీ బోల్తా కొట్టించలేదు, ఒక్క బాక్సూ నేలపాలు చేయలేదు, కాబట్టి అతని గురించి ఎవరూ చెప్పుకునేదీ లేదు.

నాలుగు చక్రాలు పడ్డాయని చెప్పే దీపం పాత జీపుకు లేదు. ఆ గుడ్డ అతను పెట్టుకున్న గుర్తు. వేలాడుతుంటే నాలుగు, తీసేస్తే రెండు. బురదలో, తడిగడ్డిలో చక్రాలు కాస్త జారి సర్దుకుంటాయి. ఎండిన తారు మీద జారే వీలు లేదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, వెనకవి తక్కువ. నాలుగింటినీ ఒక్కటిగా కట్టేస్తే అవి ఒకదాన్నొకటి గుంజుకుని లోపలి గేర్ల పళ్లు విరగ్గొట్టుకుంటాయి. వెనక బరువుంటే మరీను. ఈ సంగతి అతనికెవరూ చెప్పలేదు, ఒక గేర్‌బాక్సు పోగొట్టుకుని తెలుసుకున్నాడు.

రెండు నెలల కింద అతను పనిచేసే టమోటా మండీ ఓనరు రామచంద్ర, తోటల్లోంచి ట్రైలరు లాగడానికి కొత్త బండి కొన్నాడు. పూజ రోజు చిన్నస్వామి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లాడు. ఇంట్లో భార్య అక్కమ్మ పాయసం కూడా వండింది. తాళాలు మాత్రం కుప్పం నుంచి వచ్చి ఏడాదైనా కాని వెంకటేశులు చేతిలో పడ్డాయి. నీకు జీపు అలవాటు కదా అన్నాడు ఓనరు, అదేదో మెచ్చుకోలు అయినట్టు. ఆ పాయసం రాత్రికి కుక్కకు పోయింది.

అప్పట్నుంచి చిన్నస్వామికి కడుపులో నిప్పు. వెంకటేశులు అద్దాలెత్తుకుని ఏసీలో వస్తే మంట, చొక్కాకు బురద అంటకపోతే మంట, బండి దిగి నవ్వుతూ “అన్నా, టీ తాగుదాం రా” అంటే మరింత మంట. వాడు చెడ్డవాడైనా బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నాడో. ఒకరోజు వాడు జీపులో గుడ్డ చూసి ఎందుకని అడిగాడు. దిష్టికి అన్నాడు చిన్నస్వామి. మర్నాటికల్లా కొత్త బండి అద్దానికి ఎర్రగుడ్డ, గట్టి ముడి, ముడి మీద వాడి భార్య ప్రసన్నలక్ష్మి పూసిన పసుపు. చిన్నస్వామి ఆ రోజంతా లోలోపల నవ్వుకున్నాడు.

ఈ వారం వానలు పట్టాయి. కొత్త బండిలో మీట తిప్పితే చాలు, నాలుగు చక్రాలూ పడతాయి, దీపం వెలుగుతుంది. ఇవాళ పొద్దున టీ దగ్గర వెంకటేశులు తనంతట తనే ఆ మాటెత్తాడు.

“తారు మీద గూడా నాలుగూ ఏసుకునే పోదామనుకుంటాండానన్నా. ఎనకాల లోడుండాది కదా. ఏమంటావు?”

చిన్నస్వామి గ్లాసు అడుగున మిగిలిన టీని తిప్పి తిప్పి చూశాడు.

“నీ బండి, నీ ఇష్టమప్పా” అన్నాడు.

తోట దాటి తారెక్కేసరికి వాన వెలిసి ఎండ కాసింది. చిన్నస్వామి ఆగి కడ్డీ వెనక్కి లాగి గుడ్డ తీశాడు. ముందున్న కొత్త బండి ఆగలేదు. ఊళ్లు దాటే కొద్దీ రోడ్డు పొడిగా తెల్లబడింది. ఒక్కో మలుపులో ముందు టైర్లు కీచుమనడం వెనక జీపులోకి వినిపిస్తోంది. ఒక్క హారన్ కొడితే వాడు ఆగుతాడు. చెయ్యి హారన్ దాకా వెళ్లింది. విరగనీ, ఓనరు చూడనీ, ఎవరికివ్వాల్సింది ఎవరికిచ్చాడో తెలియనీ అనుకుని చెయ్యి తీసేసుకున్నాడు.

మార్కెట్టు గేటు దగ్గర మలుపు ఇరుకు. బండి కింద ఫెళ్లున ఏదో విరిగింది. ముందు చక్రం బిగుసుకుపోయి బండి పక్కకు లాగి సిమెంటు స్తంభాన్ని గుద్దింది, ట్రైలరు బోల్తాపడింది. రోడ్డంతా టమోటాలు. వెంకటేశులు పెదవి చిట్లి కిందికి దిగాడు, అంతకుమించి దెబ్బ లేదు. చిన్నస్వామి జీపు దిగి వాడి దాకా వెళ్లాడు. మనిషి పోయి ఉండేవాడన్న సంగతి అతనికి అప్పుడు తట్టింది.

మెకానిక్ కుమార్ కిందికి దూరి చూసి, పొడిరోడ్డు మీద నాలుగు చక్రాలతో లాగాడని చెప్పాడు. రామచంద్ర అరవలేదు. వెంకటేశుల్ని ఆ పూటే కుప్పం వెళ్లిపొమ్మన్నాడు. బాగయ్యాక బండి చిన్నస్వామిదేనన్నాడు. రెండు నెలలుగా ఎదురుచూసిన మాట అది. చిన్నస్వామి తలూపి, కొత్త బండిని తన జీపుకు కట్టి షెడ్డుకు లాక్కెళ్లాడు.

మధ్యాహ్నం వెంకటేశులు సంచీ భుజాన వేసుకుని షెడ్డుకు వచ్చాడు.

“పొయ్యొస్తానన్నా. ఆ గుడ్డ ఇప్పొద్దు, నీకే ఉండనీ. నువ్వు సెప్పబట్టి కట్టుకున్నా. బండి పోయినా పానం దక్కింది. మా ఆడమనిషి ఫోన్లో ఒకటే ఏడుపు, అన్నకు దండం పెట్టి రమ్మనింది.”

వాడు వంగి నిజంగానే కాళ్లకు మొక్కాడు. చిన్నస్వామి నోరు తెరిచాడు. అది దిష్టికి కాదప్పా అన్న మాట నాలుక దాకా వచ్చింది. రోడ్డు మీద కుప్పం బస్సు హారన్ కొడితే వాడు పరుగెత్తాడు.

బస్సు పలమనేరు వైపు తిరిగి కనుమరుగయ్యాక చిన్నస్వామి కొత్త బండెక్కి కూర్చున్నాడు. సీటు మెత్తగా ఉంది, తను అనుకున్నంత మెత్తగానే ఉంది. చెయ్యెత్తి ముడి విప్పబోయాడు. గోళ్లు నొప్పి పుట్టాయే గానీ అది సడలలేదు. చెయ్యి దించుకుని వేళ్లు చూసుకుంటే పసుపు అంటింది. అద్దం కింద ఎర్రగుడ్డ కాసేపు ఊగి ఆగింది.