తనిఖీ రోజుల ఆసిలోస్కోప్

నేను ఒక ఆసిలోస్కోప్‌ని. పేరుకు నోరు తిరగడం లేదని కంగారుపడకండి, నన్ను ఏళ్ల తరబడి చూస్తున్న వాళ్లలో సగం మందికి ఇంకా తిరగడం లేదు. తీగల్లో పారే కరెంటు ఎలా ఎగిసిపడుతోందో తెర మీద గీతగా చూపించడం నా పని. అని నేను అనుకుంటూ వచ్చాను. ఈ మధ్య నా పనేమిటో నాకే అయోమయంగా ఉంది.

పుట్టింది బెంగళూరు శివార్లలోని ఒక కర్మాగారంలో. అక్కడ ఒక అమ్మాయి నాలోకి ఒక అలను పంపి, అది తెర మీద నున్నగా పరుగెత్తడం చూసి తృప్తిగా తల ఊపింది. ఇక బతుకంతా ఇలాంటి పిల్లల మధ్యేనని సంబరపడిపోయాను. కానీ నన్ను కొన్నది కాలేజీ కాదు, గుంటూరులో కాలేజీలకు సామాను సరఫరా చేసే ఒకాయన. ఆయన నన్ను ఎవరికీ అమ్మకుండా అద్దెకు తిప్పుతున్నాడు. ఏ ఇంజినీరింగ్ కాలేజీకి తనిఖీ బృందం వస్తుందంటే ఆ కాలేజీకి వ్యానులో వెళ్తాను. ల్యాబులో బల్ల ఎక్కించి, ఆ కాలేజీ పేరున్న స్టిక్కరు నా వీపుకు అంటిస్తారు. బృందం అటు వెళ్లగానే ఇటు స్టిక్కరు పీకి మళ్లీ వ్యాను ఎక్కిస్తారు. పీకినప్పుడల్లా కాస్త జిగురు, కాస్త కాగితం మిగిలిపోతాయి. ఇప్పుడు నా వీపు చూస్తే నేను ఏ కాలేజీదాన్నో దేవుడికి కూడా అర్థం కాదు.

వ్యానులో నాకొక తోడు ఉన్నారు, పూర్ణచంద్రం గారు. పాలిటెక్నిక్‌లో సివిల్ పాఠాలు చెప్పి రిటైరైన పెద్దమనిషి. ఒక కాలేజీలో ఆయన్ని ఎలక్ట్రానిక్స్ ప్రొఫెసరని పరిచయం చేశారు. మరోచోట మెకానికల్ శాఖాధిపతి అన్నారు. మనుషులు ఇంత తొందరగా ఇన్ని విద్యలు ఎలా నేర్చుకుంటారా అని చాలాకాలం విస్తుపోయాను. ఆయనా నాలాగే అద్దె సామానని తెలిశాక జాలేసింది. మంచివాడాయన. వ్యాను గుంతలో పడ్డప్పుడల్లా నన్ను రెండు చేతులతో పట్టుకుంటారు. "నిదానంగా పోనియ్యి ఏసోబూ, అది పగిలితే ఇంకోటి తేలేరు. నేను పగిల్తే ఇంకోడు దొరుకుతాడు" అంటారు డ్రైవరుతో.

మొన్న ఎండాకాలం పల్నాడు వైపు ఒక కాలేజీకి వెళ్లాం. తనిఖీకి వచ్చిన పెద్దాయన నా ముందు ఆగి, ఆన్ చేయమన్నారు. ఆ మాట అంతకుముందు ఎవరూ అనలేదు. ల్యాబు చూసే శ్రీవల్లి మేడం కాసేపు తడుముకుని బటన్ నొక్కింది. తెర మీద అడ్డంగా ఒక గీత, కదలకుండా నిలబడింది. పెద్దాయన కళ్లద్దాలు సవరించుకుని, "లైను చాలా స్టేబుల్‌గా ఉందండీ" అన్నారు. "మా మెయింటెనెన్స్ అలా ఉంటుంది సార్" అన్నారు ప్రిన్సిపాల్. నాకేమీ అందనప్పుడు నేను గీసే గీత అది. దాన్ని మెచ్చుకుని అందరూ కాఫీకి వెళ్లారు. సంతోషించాలో సిగ్గుపడాలో తేల్చుకోలేకపోయాను.

అప్పుడొచ్చింది నజ్మా. ఆఖరి సంవత్సరం ఎలక్ట్రానిక్స్ చదువుతోంది. ల్యాబు పరీక్షలో క్లాసుకంతా ఆమెవే ఎక్కువ మార్కులు. నాలాంటిదాన్ని చూడటం మాత్రం అదే మొదలు.

"మేడం, వ్యాను కదిలేలోపు ఒక్కసారి చేసి చూసుకుంటానండీ. రేపు హైదరాబాదులో ఇంటర్వ్యూ. అక్కడ దీని ముందే కూర్చోబెడతారంట."

శ్రీవల్లి మేడం తలుపు వైపు చూసి, "సరే, తొందరగా కానియ్యి" అంది.

నజ్మా నా చుట్టూ తిరిగి చూసింది. "దీని వైర్లేయి మేడం?"

మేడం పూర్ణచంద్రం గారి వైపు చూసింది. ఆయన, నన్ను మోసుకెళ్లడానికి వచ్చిన ఏసోబు వైపు చూశారు. "నేను ఈ పనిలో చేరినకాడి నుంచీ పెట్టె ఒక్కటేనండీ. వైర్లు ఎవురూ అడగలా" అన్నాడు ఏసోబు.

నిజమే. నా వైర్ల సంచి మొదట్లోనే ఏదో కాలేజీలో ఉండిపోయింది. తనిఖీల్లో పెట్టెలు చూస్తారు గానీ వైర్లు చూడరు. నేను గీసి చూపించాల్సిన కరెంటు నాలోకి వచ్చే దారే లేకుండా ఇన్ని కాలేజీల్లో ప్రయోగశాలగా చలామణీ అయిపోయాను.

నజ్మా బల్ల మీదున్న రాగితీగ ముక్క తీసి నా ముందున్న రంధ్రంలో గుచ్చింది. రెండో కొసను వేళ్లతో పట్టుకుంది. గీత ఉలిక్కిపడి లేచింది. పైకీ కిందికీ, పైకీ కిందికీ, ఆగకుండా. వేళ్లు తీస్తే పడుకుంది, పట్టుకుంటే మళ్లీ లేచింది. ఆ పిల్ల పకపకా నవ్వింది. నాకైతే ఒళ్లు పులకరించింది. కర్మాగారం వదిలాక అదే నా మొదటి అల.

"సార్, దీనికి నేనేమీ కలపలేదు కదా. ఇది ఎక్కడి నుంచి వస్తోంది?"

పూర్ణచంద్రం గారు "మాది సివి..." అని, మెడలో వేలాడుతున్న ఎలక్ట్రానిక్స్ ప్రొఫెసర్ కార్డు చూసుకుని ఆగిపోయారు. మేడం, "అది సిలబస్‌లో లేదమ్మా" అంది. ఇంతలో ఏసోబు ప్లగ్గు పీకాడు. అమ్మాయి సార్ నంబరు అడిగి తీసుకుంది.

రెండు రోజుల తర్వాత మేం ఇంకో కాలేజీకి వెళ్తుంటే ఆమె ఫోన్ చేసింది. ఆయనకు చెవులు మందం, అందుకని స్పీకరు పెట్టారు.

"ఉద్యోగం రాలేదు సార్. వైరు చేతికిస్తే ఏ కొస ఎక్కడ పెట్టాలో తెలీలా. ల్యాబులో ఇన్ని మార్కులు ఎట్టా వచ్చినయ్యమ్మా అన్నారు. ఏం చెప్తాను సార్."

పూర్ణచంద్రం గారు ఫోన్‌ను చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకున్నారు.

"పోతే పోయింది, ఆ గీత సంగతి చెప్పండని నేనే అడిగాను. ఒకాయన బోర్డు మీద బొమ్మేసి చెప్పారు సార్. ఎంత తేలికో. మనకాడ ఎవరన్నా చెప్పుంటే నాకు వచ్చేదే."

"నాకూ చెప్పమ్మా" అన్నారాయన. ఆ గొంతులో ప్రొఫెసరు లేడు. నేనూ ఆత్రంగా విన్నాను.

"ఏం లేదు సార్, మన చుట్టూ గోడల్లో..."

వ్యాను ఆగింది. ఆ కాలేజీవాళ్లు తలుపు తీసి ఆయన మెడలో కొత్త కార్డు వేశారు. ఈసారి కంప్యూటర్ సైన్సు. "సాయంత్రం నేనే చేస్తానమ్మా" అని ఫోన్ పెట్టేశారు.

సాయంత్రం చేయలేదు. మర్నాడూ చేయలేదు. ఏసోబు గుర్తుచేస్తే, "ఏ మొహం పెట్టుకుని చెయ్యమంటావయ్యా" అన్నారు.

గోడల్లో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన బాధ నాకు అర్థమైంది. అయినా, నేనైతే ఫోన్ చేసేదాన్ని.