బెంగుళూరు దాకా రాని బీరతీగ

"ఈ లోకంల కదిలేది ఏదైనా గానీ, దాని లెక్క నా చేతిల ఉంటది!" అన్నాడు మల్లేశ్వర్. ఆ చెయ్యి అప్పటికి అరగంటగా బీరపాదులో ఇరుక్కుని ఉంది. పొద్దున్నే కాయ తెంపబోతే తీగ కొస మణికట్టుకు చుట్టుకుంది. ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసినవాడికి దాన్ని ఊడదీయడం చేతకాలేదు.

"కత్తి తే, కోసేస్త."

"పూతమీదున్న తీగను కోస్తరా ఎవరన్న? మంచిగుంది సదువు!" అంది భార్య అనంతమ్మ. "గట్లనే పో. అదే సాగుతది."

సాగింది. శంషాబాదు పెరడు నుంచి ఉందానగర్ స్టేషనుకూ, అక్కణ్ణుంచి రైల్లో హైదరాబాదు కాలేజీకీ రోజూ సాగేది; సాయంత్రం ఆయనతోపాటే ఇల్లు చేరేది. "జర తీగ పైకి పట్టు సాబ్" అని గార్డు మొయినుద్దీన్ తలుపు వేసేవాడు. తోటి ప్రయాణికులు దానిమీద తువ్వాళ్లు ఆరేసుకునేవారు.

కాలేజీలో ఆరేళ్లుగా ఆయనది ఒకటే పని. థర్మామీటరును మంచునీళ్లలో ముంచు, మరిగే నీళ్లలో ముంచు, తేడా రాయి. ఈ మధ్య ఆయనకో పిచ్చి పట్టింది: ప్రాణమున్నవాటికీ లెక్కలుంటాయనీ, ఫిజిక్సుతో వాటిని పట్టుకోవచ్చనీ. "మొక్కల సంగతి మొక్కలవాళ్లు చూసుకుంటారు. నువ్వు నీళ్లు మరిగించు" అన్నాడు పెద్ద ప్రొఫెసరు. చివరికి బెంగుళూరులో ఒక పరిశోధనశాల వాళ్లు ఇంటర్వ్యూకు రమ్మన్నారు. ఇది పోతే ఇక పింఛను దాకా మరుగునీళ్లే.

బండెక్కాడు. షాద్‌నగర్‌లో తీగ సాగడం మానేసి మెలికలు తిరిగింది, స్ప్రింగులా బిగిసి, ఆయన్ని సంచీతో సహా ప్లాట్‌ఫారమ్మీదికి గుంజింది. బండి వెళ్లిపోయింది.

"బీరతీగనా అయ్యా?" అంది కూరగాయల గంప పక్కన కూర్చున్న దుర్గవ్వ. "నా కాకరతీగ గింత దూరం గూడ రానియ్యదు. కూసో."

కూర్చున్నాడు. ఏడుపు కూడా రాక తీగనే చూశాడు. పట్టాల వెంట ఇరవై మెలికలు ఒకవైపు, నడుమ వేలెడంత తిన్నగా, మళ్లీ ఇరవై ఎదురువైపు. రెండు కొసలూ కట్టేసి ఉన్నది ఒకవైపే తిరగడం కుదరదు. ఎన్ని అటో అన్ని ఇటు తిరగాల్సిందే! లెక్కంతా అక్కడే రాసి, బెంగుళూరుకు పోస్టుచేసి, తీగ గుంజినట్టే ఇంటికొచ్చాడు.

పదిహేను రోజులకు జవాబు. ఇంటర్వ్యూ అక్కర్లేదు, ఉద్యోగం ఇచ్చాం; తీగ రానివ్వదు గనక మీ పెరట్లోనే పనిచెయ్యండి. మణికట్టు నుంచి తీగ ఊడలేదు గానీ మరుగునీళ్లు తప్పాయి. ఉత్తరం చివర ఒక్క ప్రశ్న: మణికట్టు దగ్గర మొదటి మెలికలు కుడికా, ఎడమకా?

మల్లేశ్వర్ పాదు ముందు నిలబడి మణికట్టు మెలికలను అటునుంచీ ఇటునుంచీ చూశాడు. తర్వాత వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"ఏమే, నవ్వనంటే ఒకటి చెప్త. ముద్ద కలిపితే తప్ప నాకు కుడిచెయ్యేదో తెల్వదు. జర గింత అన్నం పెట్టు."