వానకు చెరిగిన యంకెలు

శ్రావణ బహుళపక్షమున నొకనాటి యపరాహ్ణమున గగనమండలమెల్ల నీలమేఘపటలావృతమై వసిష్ఠగోదావరీ జలశీకరములను మోసికొనివచ్చు చల్లనిగాలి నరసాపురపు వీధులలో నలసముగ సంచరించుచు నప్పుడే వెలిసిన వాన చూరులనుండి యింకను చుక్కచుక్కగా రాలుచుండగా గ్రంథాలయపు మేడమీది సభామందిరమున రెండువందల మందికి తక్కువ గాని జనము తడిసిన గొడుగులను గోడవారగా నిలిపి కిక్కిరిసి కూర్చుండి యుండిరి. అక్కడ నేమి విశేషమందురా? చెప్పెదను, కొంచె మోపిక పట్టుడు.

“సైకతలేఖ” యను ప్రణయనవలను చదువని యిల్లు ఆ పట్టణమున లేదు. నిష్కారణముగ శంకించి పరుషవాక్యములాడి విడిచిపోయిన శ్రీనిధిని సుకుమారహృదయ యగు మందాకిని క్షమించెనో లేదో చెప్పకయే గ్రంథకర్త కలము ప్రక్కన పెట్టెను. ఆ మహానుభావుడు హాయిగ నిద్రించియుండును గాని చదువరులకు మాత్రము నిద్రలేకపోయెను. ఆ కొరత తీర్చుటకై రెండు చలనచిత్రములు పుట్టినవి. నలుపు తెలుపులది మొదటిది, పాతికేండ్లకు వచ్చిన రంగులది రెండవది. ఆనాడు ప్రొద్దున రంగులదానిని, భోజనములైన పిమ్మట పాతదానిని ప్రదర్శించి ఆపైన రెంటి తారతమ్యమును గూర్చి యుపన్యాసమును గ్రంథాలయమువా రేర్పాటు చేసిరి.

వేదికపై నిరువురు వృద్ధులు కూర్చుండి యుండిరి. ఉపన్యసింపవచ్చినది వర్ధనమ్మ. బాలికల పాఠశాలకు ప్రధానోపాధ్యాయినియై విశ్రాంతి గొన్న యవివాహిత. పాతచిత్రమును మరల కంట చూడనని యామె కొక యొట్టు కలదు గావున అది యాడినంతసేపు క్రింద పఠనమందిరమున కూర్చుండి యప్పుడే పైకి వచ్చెను. రెండవవాడు కోటిలింగము. సినిమాహాలులో నలువదియేండ్లు ప్రొజెక్టరు త్రిప్పిన యాపరేటరు. “నలభై ఏళ్లలో ఒక్క పొరపాటు లేని చేతులివి” అని చెప్పి కార్యదర్శి యప్పుడే యాతని భుజములపై శాలువ కప్పియుండెను.

వీరిద్దరు పరాయివారు కారు. ఆతడామె మేనత్తకొడుకు. ముప్పదియైదేండ్ల క్రిందట వారి పెండ్లికి లగ్నము కూడ పెట్టిరి. అంతలో నెవరో వర్ధని తోడి యుపాధ్యాయునితో నవ్వుచు మాటలాడినదని చెప్పగా కోటిలింగము నడివీధిలో నలుగురియెదుట నామెను అనరాని మాట యనెను. పెండ్లి యాగిపోయెను. సరిగా ఆ మాసముననే పాతచిత్రము ఊరిలోనికి వచ్చెను. మొదటియాట చూచివచ్చిన పెద్దలందరు వర్ధనిని చుట్టుముట్టి, నాయకుడు నోరు విప్పకమునుపే మందాకిని తానే పడవయెక్కి పోయి క్షమించినది గదా, నీవును పోరాదా యని పోరుపెట్టిరి. ఆ యాటనే చూచిన వర్ధనికి ఒడలు మండిపోయెను. అడుగకుండ నిచ్చు క్షమ తనకు చేతకాదని చెప్పి యూరకుండెను. ఆతడును రాలేదు. రెండు వీధుల యెడముననే యిద్దరు నొంటరిగ ముసలివారైరి.

వర్ధనమ్మ లేచి కండ్లద్దములు సవరించుకొని ప్రారంభించెను.

“రంగుల సినిమాలో అతను కొండెక్కి పాట పాడాడు, పూలు చల్లాడు. చేసిన తప్పేమిటో మాత్రం చెప్పలేదు. అయినా గుమ్మందాకా వచ్చాడు. పాతదాంట్లో అదీ లేదు. అతను అడక్కముందే ఆవిడే పడవెక్కి వెళ్లిపోయింది. క్షమాపణ ఉత్తరం తర్వాతెప్పుడో తీరిగ్గా రాశాడు. ఆ పడవ చూపించి ఈ ఊళ్లో ఆడపిల్లలకి ఎలా బుద్ధి చెప్పారో నాకు తెలుసు.”

సభలో గుసగుసలు బయలుదేరినవి. ముందువరుసలోని ప్రసూన యను కళాశాల విద్యార్థిని మెల్లగా లేచెను.

“అమ్మగారూ, ఉత్తరమే ముందొస్తుందండి. అది చదువుకుని, ఏడ్చి, అప్పుడు పడవెక్కుతుందండి. ఇందాకే చూశాం.”

“నా కళ్లతో చూశానమ్మా” అని వర్ధనమ్మ యనెను.

“పెద్దావిడ, మర్చిపోయుంటారు” అని వెనుకనుండి యెవరో యనగా కొందరు నవ్విరి. బాలికల పుస్తకములలో ఒక్క తప్పును సైపని యామె చేతిలోని కాగితములను తిరగవేసి వెదకజొచ్చెను.

కోటిలింగము మాత్రము నవ్వలేదు. ఆ రోజులలో చిత్రపు ప్రతి నొక్కదానినే ఊరిలోని రెండు హాళ్లు పంచుకొనెడివి. రెండవ హాలులో నాడిన రీళ్లను డబ్బాలలో పెట్టి మూతలపై సుద్దతో అంకెలు వేసి సైకిలుమీద కోటిలింగము హాలునకు తెచ్చెడివారు. పాతచిత్రపు మొదటియాటనాడు జడివాన. పదునొకండవ రీలును పండ్రెండవ రీలును కలిసి వచ్చినవి గాని మూతలపై నంకెలు రెండును వానకు చెరిగిపోయినవి. హాలులో ఈలలు మిన్నుముట్టుచుండెను. ఊహించి యొకటి యెక్కించెను. అది పడవ రీలు. తరువాత నుత్తరము తెరపైకి వచ్చినప్పుడు గాని తన ఘనకార్యము తనకు తెలియలేదు. మరుసటియాటకు సరిదిద్దుకొని యెవ్వరితోను చెప్పలేదు. ఇప్పుడు పలుకకున్న వర్ధని నవ్వులపాలగును, పలికిన నలువదియేండ్ల పేరు ఈ శాలువతోనే పోవును.

లేచెను. శాలువ తీసి మడతపెట్టి బల్లపై నుంచెను.

“ఆవిడ మర్చిపోలేదండి. చూసింది నిజమే. మొదటాటకి రీళ్లు తారుమారు చేసింది నేను. డబ్బాల మీద అంకెలు వానకి పోయాయి. కనుక్కోకుండా ఎక్కించేశాను.”

ఆతడంతటితో కూర్చుండవచ్చును. కూర్చుండలేదు. ఆమె వంక తిరిగెను.

“అది చిన్న తప్పు. ఆ సినిమా చూసి పెద్దవాళ్లు నిన్ను నా దగ్గరికి వెళ్లమన్నారని నాకు తెలుసు. ఉత్తరం ముందని నేను చెప్పి ఉండొచ్చు. చెబితే అలాంటి ఉత్తరం నేనూ నీకు రాయాల్సొచ్చేది. అందుకని నోరు మూసుకు కూచున్నాను. ఆ రోజు వీధిలో నేనన్న మాట అబద్ధం, వర్ధనీ. అంటున్నప్పుడే నాకు తెలుసు. తప్పు చేశాను. క్షమించు.”

నడివీధిలో పడిన మాట నడిసభలో తుడిచివేయబడునని వర్ధనమ్మ యేనాడో యాశ వదలుకొనియుండెను. కండ్లద్దములు తీసి పమిటచెరగుతో తుడిచికొని సభవైపు తిరిగెను.

“పాత సినిమా గురించి నేనన్నది వెనక్కి తీసుకుంటున్నాను. నేనది ఇంకా చూడనే లేదు. ఆ రెండు రీళ్లూ మళ్లీ వేయండి.” పిమ్మట స్వరము తగ్గించి, “ఈసారి వరస చూసుకో బావా” అనెను.

దీపము లార్పిరి. తెరపై మందాకిని యిసుకతిన్నెమీద కూర్చుండి యుత్తరము విప్పెను. పాటలేదు, మాటలేదు. కాగితమును ఆమె వ్రేళ్లును వెనుక ఏటి నీరును మాత్రమే. డబ్బాల వరుస సరిచూచి యిచ్చివచ్చిన కోటిలింగము తల వంచుకొని కూర్చుండెను. ఉత్తరము ముగిసెను. మందాకిని లేచి రేవునకు నడచి పడవలో కాలు పెట్టుచుండగా, ఆ తెరవెలుగులోనే వర్ధనమ్మయు లేచి నాలుగడుగులు నడచివచ్చి యాతని ప్రక్కనున్న ఖాళీకుర్చీలో కూర్చుండెను.