మెగ్నీషియం బిళ్లకు పత్యం

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా అత్త చిలకమ్మ పెట్టే పత్యమంటే అందరికీ హడల్. ఏ మందు మొదలుపెట్టినా సరే వంకాయ మానాలి, గోంగూర మానాలి, పక్కింటి బెంగాలీవాళ్లు ప్రేమగా ఇచ్చిన మిష్టీ మిఠాయి కూడా ముట్టకూడదు. ఆ చాదస్తం చూస్తే నాకు ఒళ్లు మండేది. అయినా వంటిల్లు ఆమెది, నేనేం చేస్తాను?

మా పూజకు ఎనిమిదేళ్లు. ఉబ్బసం. రోజూ రెండుపూటలా పీల్చమని డాక్టర్ దీదీ పఫ్ఫర్ ఇచ్చింది. ఈమధ్య రక్తపరీక్ష చూసి, ఒంట్లో మెగ్నీషియం తక్కువుందని బిళ్లలు కూడా రాసింది. "ఇవి తోడు మాత్రమే, పఫ్ఫర్ మానకండి" అని గట్టిగా చెప్పింది. ఇంటికొచ్చి అత్తకూ అదే చెప్పాను. మా ఆయన ఎప్పుడూ రైలు డ్యూటీ మీదే ఉంటాడు. నేను గోల్‌బజార్‌లో బట్టల కొట్టుకి పోతాను. పిల్ల మందులన్నీ అత్త చేతిమీదే.

ఈ సాయంత్రం కొట్టుకి ఫోనొచ్చింది. పరుగున వచ్చేసరికి పూజ మంచంమీద ముందుకు వంగి కూర్చుని ఊపిరందక ఎగబీలుస్తోంది. డొక్కలు లోపలికి పోతున్నాయి.

"పఫ్ఫరేదత్తా?"

అత్త బియ్యం డబ్బాలో చెయ్యిపెట్టి తీసింది. "నలభై రోజుల మండలం పత్యం పెట్టినాను రాధా. మందుమీద మందు పడితే బిళ్ల గుణం విరిగిపోద్దని ఇది మానిపించినాను."

తిట్టడానికి కూడా టైము లేదు. ఆసుపత్రికి టోటో రిక్షా పిలవమని పక్కింటి దాదాను కేకేసి, పఫ్ఫర్ ఊపి పిల్ల నోటికి పెట్టాను. పూజ పెదాలు బిగించి తల తిప్పేసుకుంది.

అత్త దాని కాళ్లు పట్టుకుంది. "ఓలమ్మా, నా తల్లీ, పీల్సవే! పత్యం నేదు ఏటీ నేదు. నానే తప్పు సెప్పినాను."

పూజ నమ్మలేదు. పత్యం నిలబెడితే ఇక జన్మలో పఫ్ఫర్ అక్కర్లేదని, బడిలో అందరితోపాటు పరిగెత్తొచ్చని ఆశపెట్టింది ఆమే కదా! ఇన్నాళ్లూ ఒక్క మిష్టీ ముట్టకుండా ఉగ్గబట్టుకుంది నా పిచ్చితల్లి. దవడ పట్టుకుని నోరు తెరవబోతే నా చేతిలో గోళ్లు దిగేసింది. నాకు ఏడుపొచ్చేసింది.

దాని పెదాలు నల్లబడుతున్నాయి. పూజ కష్టంమీద వాటిని విడదీసి, "రేపటితో పత్యం అయిపోద్దమ్మా" అంది.

మళ్లీ నోరు మూసేసుకుంది.