నీళ్ళలో చెప్పిన సాక్ష్యం

కాలవ మీద తిరిగే పడవలన్నిటిలోకీ సూరిబాబు పడవంటే లాకుల దగ్గరవాళ్ళకి ఓ సరదా. అమలాపురంలో కొబ్బరికాయలు ఎక్కించుకుని పైకి బొబ్బర్లంక దాకా, అక్కణ్ణుంచి ధాన్యమో సున్నమో వేసుకుని కిందికి. ఎండాకాలంలో కాలవ కట్టేసిన రోజులు తప్పిస్తే ఆ పడవకి విశ్రాంతి లేదు. చుక్కాని దగ్గర సూరిబాబు. గట్టు మీద మోకు భుజానేసుకుని పడవని లాగేది మోషే. పడవ ముందువైపు గూట్లో మోషే బైబిలు, మైనపుగుడ్డలో చుట్టి. వెనకవైపు చుక్కాని కొయ్యకి సూరిబాబు రాసిన పసుపూ కుంకుమా, మరిడమ్మ తల్లి పేరు మీద.

"ముందు యేసుప్రభువు, వెనక మరిడమ్మ. ఇంక మీ పడవ మునగమన్నా మునగదు," అనేవాడు లాకుల పాపారావు, కాలవ నీళ్ళాపే తలుపులు తిప్పుతూ.

"మునిగితే ఎవరు తేల్చాలో వాళ్ళిద్దరికీ తగువొస్తుందండీ. అదొక్కటే నా భయం," అనేవాడు సూరిబాబు.

పడవలో మాత్రం ఆ తగువు ఎన్నడూ రాలేదు. ఆదివారం పొద్దున్న మోషే తన ఊరి ప్రార్థన గుళ్ళో కూటానికి అందుకోవాలి కాబట్టి, సరుకుదారులు ఎంత మొత్తుకున్నా శనివారం నాటికి పడవ ఆ ఊరి రేవుకి చేరేలాగే సూరిబాబు నడిపేవాడు. మరిడమ్మ గుడి దగ్గరికొస్తే మోషేయే మోకు వదులు చేసి, "దిగు, కాయ కొట్టుకురా," అనేవాడు. కొట్టి తెచ్చిన చిప్ప తాను ముట్టేవాడు కాదు. విగ్రహాలకి పెట్టింది తినకూడదని వాళ్ళ నియమం. సూరిబాబు ఆ చిప్ప తాను తిని, గుడి మెట్టెక్కని కాయ ఇంకోటి ఒలిచి మోషేకి పెట్టేవాడు. ఈ ఏర్పాటు ఫలానా రోజున అనుకుని చేసుకున్నది కాదు.

మొదటి శీతాకాలం చలికని ఒకే చాప మీద పడుకున్నారు. చలి వెళ్ళిపోయింది, చాప ఒకటే మిగిలింది. సూరిబాబు పెళ్ళి చేసుకోలేదు. పెళ్ళి మాటెత్తితే మోషేకి దగ్గొచ్చేది. ఒకరి జ్వరానికి ఒకరు మేలుకుంటూ, కూరలో ఉప్పు దగ్గర అలుగుతూ, అందరి ఇళ్ళలో ఆలుమగలు ఎలా ఉంటారో అలాగే ఉండేవారు. ఇదేమిటని నీళ్ళ మీద అడిగేవాడెవడు? ఒడ్డున సూరిబాబు అక్క అచ్చాయమ్మ ఒక్కర్తికే కాస్త తెలుసేమో. మాలపేట మనిషని మోషేకి అరుగు మీదే విస్తరి వేసేది. ఆ విస్తరిలో మాత్రం తమ్ముడి కంచంలో కన్నా ఓ గరిటె ఎక్కువే పడేది.

స్వరాజ్యం వచ్చిన నాలుగైదేళ్ళకి మోషే వాళ్ళ సంఘానికి దేవదానం గారని కొత్త బోధకుడు వచ్చాడు. మంచివాడు. కలరా రోజుల్లో పేటలో ఇల్లిల్లూ తిరిగి, వాంతులెత్తి పోసిన మనిషి. కానీ నియమం దగ్గర సొంత తండ్రినైనా వదలని రకం. ఓ ఆదివారం కూటం అయ్యాక గుమ్మంలో మోషేని ఆపాడు. బయట చెప్పుల దగ్గర చుట్ట కాల్చుకుంటూ కూర్చున్న సూరిబాబుకి ప్రతి మాటా వినపడింది.

"ఇన్నేళ్ళ నించి ఆ అవిశ్వాసితో ఒకే కుండలో తింటున్నావు. ఆ ఒక్క ఆత్మనీ రక్షించలేకపోయావా మోషే?"

"ఆయన మానాన ఆయన, నా మానాన నేను ఉంటన్నామండీ."

"అలా కుదరదు. అతన్ని ప్రభువులోకి తీసుకురా. లేదా ఆ పడవ దిగిపో. రెండూ కాదంటే నిన్ను బల్లనించి తియ్యవలసి వస్తుంది."

బల్లనించి తియ్యడమంటే ఏమిటో సూరిబాబుకి తెలుసు. ఆదివారం ఆదివారం తెల్లగుడ్డ పరిచిన బల్ల మీంచి రొట్టె పళ్ళెం చేతిలోంచి చేతిలోకి తిరుగుతుంది. తీసేసినవాణ్ణి వెనక గోడవార కూర్చోబెడతారు. పళ్ళెం వాడి మొహం ముందు నుంచే పక్కవాడికి వెళ్ళిపోతుంది. చచ్చిపోతే సమాధుల దొడ్లో చోటుండదు, పాట పాడే గొంతుండదు. మోషే తల్లి ఎలీసమ్మకి ఆ బల్లే లోకం. మొగుడు పోయాక నాట్లకీ కోతలకీ వెళ్ళి కొడుకుని పెంచింది. పళ్ళెం ఆడవాళ్ళ వైపు నుంచి మగవాళ్ళ వైపు వెళ్ళేటప్పుడు తల తిప్పి చూసేది. కొడుకు చెయ్యి రొట్టె మీద పడ్డాకే తన ముక్క నోట్లో పెట్టుకునేది.

ఆ మధ్యాహ్నం పడవలో అన్నం తింటూ సూరిబాబు అన్నాడు, "నేనే మీలో కలిసిపోతానులే."

మోషే చెయ్యి కంచంలో ఆగింది. "నిన్నెవరడిగేరు?"

"ఎవరో అడగాలేంటి?"

"మీ అమ్మవారో?"

"ఆవిడకి నేను చెప్పుకుంటాను. నువ్వు మజ్జిగ పోసుకో."

"నా కోసం మారకు సూరీ. అలా మారితే మారినట్టు కాదు."

"నీ కోసం కాకపోతే మీ దేవదానం గారి కోసం మారతానా?" సూరిబాబు కంచం కిందపెట్టాడు. "ఒరే, చచ్చేక నిన్ను పూడుస్తారు. నన్ను కాల్చి ఆ బూడిద గోదాట్లో కలుపుతారు. నేను సముద్రంలోకి పోతాను, నువ్వా దొడ్లో ఒక్కడివీ పడుంటావు. అదెప్పుడైనా ఆలోచించేవా?"

మోషే మజ్జిగ పోసుకున్నాడు.

మర్నాడు సూరిబాబు మరిడమ్మ గుడికెళ్ళి కాయ కొట్టాడు. "నీ మీద కోపమొచ్చి కాదమ్మా. నువ్వెరగని సంగతేం ఉంది," అన్నాడు. తిరిగొచ్చి, చుక్కాని కొయ్య మీది కుంకుమ కడిగెయ్యబోతే మోషే చెయ్యి పట్టుకున్నాడు.

"వానకి పోతే పోద్ది. నువ్వు కడక్కు."

బాప్తిస్మానికి ముందు నీళ్ళలో నిలబడి సాక్ష్యం చెప్పాలి. తాను ఎలాంటి బతుకు బతికాడో, ప్రభువు దగ్గరికి ఎలా వచ్చాడో అందరూ వినేలా చెప్పాలి. కాలవ కట్టేసిన రోజుల్లో, పడవకి తారు పూస్తూ, మోషే అది నేర్పబోయాడు.

"విగ్రహాలకి మొక్కి చెడిపోయేనని చెప్పాలా? ఆవిడ నాకేం చెరుపు చేసింది?" అన్నాడు సూరిబాబు.

"ఆవిడ ఊసెత్తకు. నీ బతుకులో జరిగిందేదో అది చెప్పు. కల్పించి మాత్రం చెప్పకు. నీళ్ళలో అబద్ధమాడితే ఆ బాప్తిస్మం చెల్లదు."

"ఆయ్. అబద్ధాలు నాకెలాగూ అతకవు."

ఏది చెప్పకూడదో మోషే చెప్పలేదు. పడవలో సంగతి గట్టు మీద మాట్లాడకూడదన్నది మోషేకి ఊపిరంత అలవాటు. అది ఇంకొకరికి నేర్పాల్సిన సంగతని వాడికి తట్టలేదు.

కాలవ వదిలారు. కొత్తనీరు ఎర్రగా, ఒడ్డు ఒరుసుకుంటూ వచ్చింది. ఆదివారం పొద్దున్న పేటంతా గట్టు మీద చేరింది. ఎలీసమ్మ ఉతికిన తువ్వాలు చేత్తో పట్టుకుని అందరికన్నా ముందు నిలబడింది, తడిసి వచ్చే సూరిబాబు తల తుడవడానికి. ఆ పక్కనే మోషే.

మొదట దిగినవాడు కల్లు తాగి పెళ్ళాన్ని కొట్టానన్నాడు. గట్టంతా "స్తోత్రం" అంది. రెండోవాడు పరాయి దొడ్లో కాయలు దింపుకున్నానన్నాడు, సొంత తమ్ముణ్ణి కోర్టుకీడ్చానన్నాడు, ఏడ్చాడు. స్తోత్రం ఇంకా గట్టిగా వచ్చింది. సూరిబాబుకి ధైర్యం వచ్చింది. ఇక్కడ ఎంత దాచుకున్నది బయటపెడితే అంత సంతోషిస్తున్నారు. తనకైతే ఏడవాల్సిన సంగతి కూడా కాదాయె.

నడుముల్లోతు నీళ్ళలో దేవదానం గారు వీపు మీద చెయ్యి వేశాడు. సూరిబాబు గొంతు సవరించుకున్నాడు.

"నా పేరు సూరిబాబండీ. మీ ప్రభువు సంగతి నాకు అట్టే తెలీదండీ, నిజం చెప్పాలంటే. మోషే సంగతి తెలుసండీ. వాడు తెల్లారగట్ల ప్రార్థనలో నా పేరు కూడా చెప్తాడండీ. నేను నిద్దరోతన్నాననుకుంటాడు గానీ, వింటానండీ."

"స్తోత్రం!"

"మేవిద్దరం ఇన్నేళ్ళూ మొగుడూ పెళ్ళాల్లాగే ఉన్నావండీ. నాకింకో మనిషి కావాలనిపించలేదండీ. ఇలాంటివాణ్ణి చేసి నాకిచ్చినాయన ఎవరో, ఆయన నాకూ దేవుడే కదండీ. రేపు పోయేక వాడి పక్కని ఇంత చోటిస్తారని..."

చెవులు సరిగా వినపడని ముసలాయన ఒక్కడూ "స్తోత్రం" అన్నాడు. పక్కనున్నవాడు ఆయన మోచెయ్యి పట్టి లాగాడు.

వీపు మీది చెయ్యి లేచిపోయింది.

"ఏమిటి నువ్వంటున్నది?" అన్నాడు దేవదానం గారు మెల్లిగా.

"మొగుడూ పెళ్ళాల్లాగేనండీ," అన్నాడు సూరిబాబు, గట్టు మీద వాళ్ళకి వినపడలేదేమో అనుకుని, ఇంకాస్త గట్టిగా.

అప్పుడు చూశాడు వాళ్ళ మొహాలు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎవరో ఉమ్మేశారు. దేవదానం గారు గట్టు వైపు తిరిగాడు.

"మోషే. ఇది నిజమా?"

మోషే సూరిబాబు వైపు చూడలేదు. పక్కనున్న తల్లినీ చూడలేదు.

"అబద్ధమండీ బాబుగారూ. ఆయనెందుకలా అంటన్నాడో నాకు తెలీదండీ."

'ఆయన' అన్నాడు. బయటివాళ్ళ ముందు ఎప్పుడూ ఆ మాటే వాడేవాడు. ఇవాళ అది గుండెలో పడవ గెడ దిగినట్టు దిగింది. సూరిబాబుకి నోటిదాకా ఒక మాట వచ్చింది. మోషే ఎడమ తొడ మీది కాలిన మచ్చ గురించి చెబితే చాలు. అన్నం వారుస్తూ కాల్చుకున్నది, తానే ఆకుపసరు పూసినది. తల్లికి తప్ప బయటివాళ్ళకి తెలిసే చోటు కాదు.

ఎలీసమ్మ తువ్వాలు గుండెలకి అదుముకుంది. ఆవిడ సూరిబాబునే చూస్తోంది. కోపంగా కాదు. కాదని చెప్పు నాయనా, అని అడుగుతున్నట్టు.

"ఆయ్," అన్నాడు సూరిబాబు. "అబద్ధమేనండీ."

"మరెందుకు చెప్పావు?"

"మీలో కలవమని నా ప్రాణం తీసేడండీ. నాకిష్టం లేదు. వీడి పరువు తీస్తే వదుల్తాడని కల్పించేను."

అబద్ధాలు అతకవన్నవాడికి అది ఎంత నున్నగా అతికిందో! గట్టు మీంచి మొదటి మట్టిగడ్డ ఎవరు విసిరారో తెలియదు. తరువాత చాలా వచ్చాయి. దేవదానం గారు రెండు చేతులూ చాచి, "కొట్టకండి, పాపం, అజ్ఞాని," అంటూ అడ్డం నిలబడ్డాడు. ఆయన తెల్లచొక్కాకీ మట్టి అంటింది. తరువాత గట్టెక్కి, మోషే తల మీద చెయ్యి పెట్టి, విశ్వాసం కోసం నిందపడిన బిడ్డ అని ప్రార్థన చేశాడు. ఎలీసమ్మ ఆ తువ్వాలుతో తన కళ్ళు తుడుచుకుంది.

సూరిబాబు అవతలి గట్టుకి ఈదుకుంటూ పోయాడు.

కబురు తెలిసి అచ్చాయమ్మ రేవుకి వచ్చింది. "అమ్మవారిని ఒదిలేసి పోతివి, వాళ్ళా రానియ్యకపోతిరి. రెంటికీ కాకుండా పోయేవు కదరా సన్నాసీ," అని తిట్టింది. తిట్టి తిట్టి, తమ్ముడి చెవిలో ఎండిన మట్టి గోరుతో తీస్తూ, "వాడు తిన్నాడో లేదో," అంది.

మూడోనాటి పొద్దున్నే మోషే వచ్చాడు. సరుకు ఎక్కించడం అయిపోయింది. కొత్తగా కుదిరిన కూలీ మోకు విప్పుతున్నాడు. మోషే పడవ ఎక్కలేదు. నీళ్ళంచున నిలబడ్డాడు.

"వచ్చేస్తాను సూరీ. ఆదివారం అందరి ముందూ లేచి చెప్పేస్తాను. బల్లా వద్దు, ఏవీ వద్దు."

సూరిబాబు చుక్కాని కొయ్య పట్టుకున్నాడు. ఎక్కు, అంటే చాలు. ఆ మాట నాలిక మీదే ఉంది.

"మీ అమ్మ ఏవంటంది?"

"నిన్నటికి ఇంత గంజి తాగింది. నా కొడుకు నిజవే చెప్పేడు అని ఇల్లిల్లూ తిరిగి చెప్పుకుంటంది."

"మరింకేం."

"తిట్టరా. కొట్టు. ఏదో ఒకటి అను."

"నువ్వు చిన్న మాటన్నా నేను తట్టుకోలేను, తెలుసుగా. ఆ రోజు తట్టుకున్నాను. ఎందుకంటే ఆ మాటన్నది నీ భయం, నువ్వు కాదు," అన్నాడు సూరిబాబు. "కానీ ఇప్పుడు నువ్వీ పడవెక్కితే నేనన్నది ఎవరు నమ్ముతారు? ఆ ముసల్ది ఏ మొహంతో గుళ్ళోకెళ్తుంది? ఎల్లిపో మోషే. బైబిలు గూట్లో ఉంది, తీసుకో."

మోషే తీసుకున్నాడు. గట్టెక్కాడు. ఇంటి వైపు తిరగకుండా, కూలీ భుజం మీంచి మోకు తీసి తన భుజాన వేసుకుని లాగడం మొదలుపెట్టాడు. సూరిబాబు వద్దనలేదు. కూలీని పడవలోకి రమ్మన్నాడు. లాకుల దాకా ఆ వంగిన వీపునే చూస్తూ చుక్కాని పట్టాడు. మలుపుల దగ్గర ఎక్కడ వదులు చెయ్యాలో, ఎక్కడ బిగించాలో చెప్పాల్సిన పని వాళ్ళకి లేదు.

లాకుల గోడ మీద సంఘం మనుషులు ఇద్దరు వల ఆరబెడుతున్నారు. తలలెత్తి చూశారు.

"ఏం మోషే, మళ్ళీ కలిసేరేంటి?" అన్నాడు పాపారావు.

మోషే నోరు తెరిచాడు. చెప్పేసేలాగే ఉన్నాడు. సూరిబాబు ముందే అందుకున్నాడు.

"లేదండీ! మా కూలీకి కాలు బెణికిందండీ. దార్లో కనపడితే ఇక్కడిదాకా సాయం పట్టేరు." తరువాత మోషే వైపు తిరిగి, చేతులు జోడించాడు. "శ్రమిచ్చేనండీ మోషేగారూ. ఉంటానండీ మరి."

మోషే భుజం మీంచి మోకు దించాడు.

"ఆయ్," అన్నాడు చివరికి. మోకు చుట్టి పడవలోకి విసిరాడు.

పడవ లాకులోకి వెళ్ళింది. వెనక తలుపులు మూసుకున్నాయి. పాపారావు లాకులోని నీళ్ళు కిందికి వదిలాడు. పడవ మెల్లిగా కిందికి దిగసాగింది. గోడ మీద నిలబడ్డ మోషే మొహం పైపైకి పోయింది, చేతిలో పుస్తకం పోయింది, ఆఖరికి బురద పాదాలు రెండే కనిపించాయి. ఆ తరువాత నాచు పట్టిన రాళ్ళు. కూలీ ముందువైపు కూర్చుని బీడీ ముట్టించుకుంటున్నాడు.

రెండు గోడల మధ్య, పైవాళ్ళకెవరికీ కనపడని ఆ లోతులో, సూరిబాబు ఏడ్చాడు. కింది తలుపులు తెరుచుకునేలోపు వంగి కాలవ నీళ్ళతో మొహం కడుక్కుని, చుక్కాని పట్టుకున్నాడు.